రాక్షసిని వేటాడే ఆడమనిషి నవల రాయాలనుకుంటున్నారా: పాలమూరు, నల్లగొండ వాళ్ల కోసం

దయ్యం నవల రాద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది ముందు హీరోయిన్‌ని తయారు చేస్తారు. తోలు జాకెట్, బుల్లెట్ బండి, మెడలో వెండి తాయెత్తు, పేరు రుధిరో అగ్నికో. సరే, ఆ అమ్మాయిని తెచ్చి కల్వకుర్తి బస్టాండులో దింపండి. పక్కన కూర్చున్న ముసలామె అడిగే మొదటి మాట "ఎవరి బిడ్డవమ్మా నువ్వు" అని. దానికి మీ హీరోయిన్ దగ్గర జవాబు లేకపోతే చేతిలో కత్తి ఎంత పదునుదైనా పది పేజీలు కూడా నడవదు.

కాబట్టి వరస మార్చండి. ముందు రాక్షసి, తర్వాత ఊరు, ఆ తర్వాత వేటాడే మనిషి.

రాక్షసికి ఒక బాకీ, ఒక కట్టుబాటు

మన ఊళ్లలో ఉత్త పుణ్యానికి పట్టే దయ్యం ఉండదు. ఏ కథ విన్నా వెనకాల ఒక కారణం ఉంటుంది. ఎవరో బావిలో దూకారు, ఎవరికో రావాల్సిన భాగం రాలేదు, ఎవరినో పెండ్లికి పిలవలేదు. అందుకని ఒక తెల్ల కాగితం తీసుకుని రెండే వాక్యాలు రాయండి. దానికి ఈ ఊరు ఏం బాకీ పడింది? అది ఏం చేయలేదు? రెండోది మరీ ముఖ్యం. అన్నీ చేయగలిగే రాక్షసి ఉంటే అది మిస్టరీ అవదు, జాతర బొమ్మ అవుతుంది. పాఠకుడు ఆ కట్టుబాటును హీరోయిన్ కంటే ఒక అడుగు ముందో ఒక అడుగు వెనకో పట్టుకోవాలి, అక్కడే ఉంది మజా అంతా.

ఉత్త మాటలతో చెప్తే అర్థం కాదు, ఒక కథ అల్లుకుంటూ పోదాం. మీరు మీ కథ పెట్టుకోండి, ఇది దారి చూపించడానికే.

శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు 1980ల మొదట్లో కొల్లాపూర్, అలంపురం వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లు చాలా మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు, సోమశిల గుళ్లను కూడా అట్లాగే పైకి తెచ్చారు. గుడి అంటే పురావస్తు శాఖ కాగితాల్లో ఉంటుంది కాబట్టి వచ్చింది. మరి ఊరి నడుమ పాతే బొడ్రాయి? మన కల్పిత ఊరిలో దాన్ని ఎవరూ తేలేదనుకోండి. ఊరు పైకి లేచి పోయింది, ఊరి నడిబొడ్డు నీళ్ల కింద ఉండిపోయింది. కొత్త కాలనీలో ఇండ్లున్నాయి, ట్యాంకు ఉంది, బడి ఉంది, పొలిమేర మాత్రం లేదు. పొలిమేర లేని ఊళ్లోకి ఏదైనా రావచ్చు కదా.

ఇప్పుడు బాకీ. బొడ్రాయి పండుగ అంటే ఊరి ఆడబిడ్డలందరినీ పిలవాలి, ఎంత దూరాన ఇచ్చినా, ఎన్నేండ్లైనా. ముంపు సంవత్సరం ఒక ఆడబిడ్డను పిలవలేదు. ఎందుకంటే ఆమె పేరు మీద రావాల్సిన పరిహారం అన్న తీసుకున్నాడు, ఆమె వస్తే అది బయటపడుతుంది. ఆమె ఎట్లా చచ్చిపోయిందో ఎవరూ చెప్పరు. నలబై ఏండ్ల తర్వాత ఏదో ఒకటి ఆమె రూపంలో ఊళ్లోకి వస్తోంది.

కట్టుబాటు: అది తనంతట తాను గడప దాటలేదు. లోపలి మనిషి "రా బిడ్డా" అనాలి. ఆ మాట ఏ ఇంట్లో అంటే ఆ ఇంట్లో తెల్లారేసరికి ఒకరు తక్కువ ఉంటారు.

చూశారా, పాలమూరులో ముసలామె ఎవరైనా ఆడపిల్ల గడపలోకి వస్తే ఏమంటుంది? "రా బిడ్డా" అనే అంటుంది. నోటికొచ్చే మొదటి మాటే ప్రాణం తీస్తుంది. ఇట్లాంటి కట్టుబాటు దొరికితే సగం నవల అయిపోయినట్టే.

ఊరు వెతకడం, అడగడం

ఇంట్లో కూర్చుని గూగుల్ మ్యాపులో ఊరు రాయకండి. పల్లెవెలుగు ఎక్కి పొండి. రచ్చకట్ట దగ్గరో, కల్లు కాంపౌండు దగ్గరో, హోటల్లో చాయ్ తాగుతూనో కూర్చోండి. "మీ ఊళ్లో దయ్యాలున్నాయా" అని మాత్రం అడగొద్దు. నవ్వి పంపిస్తారు, లేదంటే సినిమా కథ చెప్తారు. అడగాల్సినవి వేరే: "పొద్దుగూకినంక ఏ తొవ్వన పోరు?" "ఏ బావి నీళ్లు తాగరు, ఎప్పటి సంది?" "ఆ ఇంటికి తాళం పడి ఎన్నేండ్లైంది?" మూడో ప్రశ్నకు పాలమూరులో జవాబులు కుప్పలు. బొంబాయి, పూణె వలస పోయిన ఇండ్లు, తాళానికి తుప్పు, అరుగు మీద ముసలాయన ఒక్కడే. మీ రాక్షసి వచ్చేటప్పటికి ఊళ్లో ఎవరుంటారు అనే ప్రశ్నకు వలసే జవాబిస్తుంది, వేరే ఏర్పాటు అక్కర్లేదు.

ముంపు ఊళ్ల దిక్కు పోతే పెద్దవాళ్లు ఇప్పటికీ జీవో 98 గురించి చెప్తారు, శ్రీశైలం నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగం అన్న జీవో అది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకున్న పాత కాగితాలు తీసి చూపిస్తారు. ఆ కవర్ని కొంచెం సేపు చూడండి. మడతల దగ్గర చిరిగి, వెనక నుంచి టేపు వేసి, పైన ఎవరో ఆఫీసు నంబరు బాల్ పెన్నుతో కొట్టేసి మళ్లీ రాసి ఉంటుంది. మీ నవలకు కావాల్సిన తాళపత్రం అదే. పురాతన గ్రంథం, రక్తంతో రాసిన శ్లోకం, ఇవన్నీ తీసి పక్కన పెట్టండి.

స్థలాల విషయంలో ఆశ పడొద్దు. మనకు చాలా ఉన్నాయి, అదే చిక్కు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు ఉన్నాయి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి, ఒక రాయి మీద సప్తర్షి మండలం చెక్కారని అంటారు. రాచకొండ, దేవరకొండ కోటలున్నాయి. నాగార్జునసాగర్‌లో మునిగిన ఏలేశ్వరం ఉంది. నల్లమల ఉంది. అన్నీ ఒకే నవలలో పెడితే టూరిజం బ్రోచర్ అవుతుంది. ఒక్కటి తీసుకోండి, మిగిలినవి తర్వాతి భాగాలకు దాచండి.

ఒకటి మాత్రం ఊరికే ఇస్తున్నా, వాడుకోండి. పిల్లలమర్రి రెండున్నాయి. ఒకటి మహబూబ్‌నగర్ దగ్గర ఏడొందల ఏండ్ల మర్రిచెట్టు, చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి మందెక్కించారు. ఇంకోటి సూర్యాపేట పక్కన కాకతీయుల కాలం గుళ్లున్న ఊరు. చనిపోయిన మనిషి డైరీలో "పిల్లలమర్రి దగ్గర పెట్టిన" అని ఉంటే మీ హీరోయిన్ ఏ పిల్లలమర్రికి పోతుంది? పాలమూరు మనిషి అయితే ఆలోచించకుండా చెట్టు దగ్గరికే పోతుంది. అక్కడ సెలైన్ బాటిళ్ల ఫొటోలు చూస్తూ రెండు రోజులు వృథా చేస్తుంది. అంతలో సూర్యాపేట వైపు ఇంకో చావు. పాఠకుడిని మోసం చేయకుండానే దారి తప్పించారు, అన్నీ వాడి ముందే ఉన్నాయి.

వేటాడే మనిషికి ఒక నౌకరి ఇవ్వండి

పోలీసు అధికారి వద్దు. ఆమెకు స్టేషన్, జీపు, పైఅధికారి అన్నీ ఉంటాయి, భయం సగం పోతుంది. జర్నలిస్టు కూడా అరిగిపోయింది. ఆశా వర్కర్, 108 అంబులెన్సులో పనిచేసే అమ్మాయి, అటవీ శాఖ బీట్ ఆఫీసర్, వీళ్లు ముగ్గురూ బాగుంటారు, రాత్రి ఎక్కడికైనా పోవడానికి కారణం ఉంటుంది. బీట్ ఆఫీసర్‌ని తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి, అమ్రాబాద్ టైగర్ రిజర్వులో ఆమె పని జంతువును కాపాడడం, 1972 వన్యప్రాణి చట్టం తలమీద ఉంటుంది. తుపాకీ తీసి కాల్చేస్తే పాఠకుడు ఊరుకున్నా శాఖ ఊరుకోదు. వేటగాళ్ల సంగతి కావాలంటే మన జిల్లా పేరులోనే ఉంది. 1890లో పాలమూరుకు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులుల వేటలో పేరుమోసినవాడు, ఆయన పేరు తలిస్తే పాము విషం దిగుతుందని జనం నమ్మేవాళ్లు. ఇంత మసాలా చేతిలో ఉంచుకుని విదేశీ రక్తపిశాచుల వెంట ఎందుకు పడతారో నాకైతే అర్థం కాదు.

నా ఓటు ఆర్టీసీ కండక్టర్‌కు. ఊరూరూ తిరుగుతుంది, అందరి ముచ్చట్లు చెవిన పడతాయి, అందరూ అక్కా అనో బిడ్డా అనో పిలుస్తారు, ఎవరు ఎప్పుడు ఊరికి వచ్చారో ఎప్పుడు పోయారో ఆమెకు తెలిసినంత సర్పంచ్‌కు తెలియదు. పైగా 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం, ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టాలి. అంటే ప్రతి ఆడమనిషికీ లెక్క ఉంది. మన రాక్షసి ఆడమనిషి రూపంలో వస్తుంది కదా, ఎట్లా వస్తుంది? బస్సులోనే వస్తుంది.

ఆమె పేరు సైదమ్మ అనుకోండి. తల్లి నల్లగొండ వైపు మనిషి, జాన్‌పహాడ్ సైదులుకు మొక్కుకుంటే పుట్టింది. ఆ దర్గాకు హిందువులు, ముస్లింలు అందరూ పోతారు, ఆ వైపు సైదులు, సైదమ్మ అనే పేర్లు ఇంటికొకటి. తండ్రి ముంపు ఊరి మనిషి, నిర్వాసితుల కోటాలో ఇరిగేషన్‌లో చిన్న నౌకరి చేసి రిటైరయ్యాడు. పేరు, తండ్రి నౌకరి, రెండూ మొదటి అధ్యాయంలో మామూలుగా చెప్పేయండి, ఎవరూ పట్టించుకోరు. చివర్లో రెండూ కరుస్తాయి.

ఒక సాంకేతిక ఇబ్బంది. ఆడ కండక్టర్‌కు మామూలుగా నైట్ హాల్ట్ డ్యూటీ, అంటే రాత్రి బస్సుతో పాటు ఊళ్లోనే ఉండిపోయే డ్యూటీ వేయరు. మీ కథకు ఆమె రాత్రి ఆ ఊళ్లో ఉండాలి. కాబట్టి కారణం రాయండి, బస్సు చెడిపోయిందనో, రోడ్డు తెగిందనో. "ఆ రోజు నైట్ హాల్ట్ పడింది" అని ఒక్క ముక్కలో దాటేస్తే డిపోలో పనిచేసేవాళ్లు పుస్తకం అక్కడే మూసేస్తారు.

ఆనవాళ్లు: ప్రతిదానికీ రెండు జవాబులు

మిస్టరీ నడిచేది ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు. కథలో దొరికే ప్రతి ఆనవాలుకూ మనుషుల జవాబు ఒకటి, మనుషులది కాని జవాబు ఒకటి ఉండాలి, రెండూ సమానంగా నమ్మబుద్ధి కావాలి. దీన్ని నేర్చుకోవడానికి మన నల్లగొండ గుళ్లే చాలు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా స్తంభం నీడ కదలకుండా పడుతుంది. భక్తుడికి అది మహిమ, సైన్సు సారుకు అది స్తంభాల అమరిక, పక్కల నుంచి వచ్చే వెలుతురు. వాడపల్లి నరసింహస్వామి గుడిలో రెండు దీపాలు, స్వామి ముక్కు ఎత్తున ఉన్నది రెపరెపలాడుతుంది, కిందిది నిలకడగా ఉంటుంది. స్వామి ఊపిరి అంటారు. గాలి ఎక్కడి నుంచి వస్తోందో వెతికేవాళ్లు వెతుకుతారు. అక్కడికి పోయి ఒక గంట కూర్చోండి, మీ లోపల ఏ జవాబు ఎప్పుడు గెలుస్తోందో గమనించండి. పాఠకుడి లోపల అదే జరగాలి.

మనుషుల జవాబులు మన దగ్గర బోలెడు. గుప్తనిధుల కోసం పాత గుళ్లు, బొడ్రాళ్లు తవ్వే ముఠాలున్నాయి, అమావాస్య రాత్రులు నిమ్మకాయలు, కుంకుమ చల్లి జనాన్ని దూరం పెడతారు. బియ్యాన్ని లాగే మహిమ గల రైస్ పుల్లింగ్ చెంబు అని లక్షలు గుంజేవాళ్లున్నారు. అడవిపందుల కోసం పొలాల్లో కరెంటు తీగలు పెట్టేవాళ్లున్నారు, తెల్లారి కాలిన గాయాలతో మనిషి శవం దొరికితే ఊరు దయ్యం అంటుంది, తీగ పెట్టినవాడు కూడా గట్టిగా దయ్యమనే అంటాడు. చెరువు కట్ట మీద కదిలే దీపం కొరివి దయ్యమా, వేటకు పోయినవాడి తలలైటా? ఇట్లాంటి దొంగ జవాబులు రెండు చాలు. ఒకటి సగానికి ముందే తేలిపోవాలి, గుప్తనిధుల ముఠా దొరుకుతుంది, ఊరు ఊపిరి పీల్చుకుంటుంది, పాఠకుడు కూడా. ఆ రాత్రే ఇంకో ఇంట్లో ఒకరు తక్కువ.

అసలు ఆనవాళ్లు మూడు పెట్టుకుందాం. మొదటిది టికెట్ మిషన్‌లో ఉంది, దాన్ని కింద సీనుగా చూపిస్తా. రెండోది ఛార్జీల పట్టీలో ఉంది: మునిగిపోయిన ఊరి పేరుతో ఒక స్టేజీ ఇంకా అట్లాగే ఉంది, బస్సు అక్కడ ఆగి నలబై ఏండ్లైంది, ఎవరూ తీసేయలేదు. మూడోది మాట. రెండో అధ్యాయంలో బస్సెక్కిన ఒక అవ్వ సైదమ్మ ముఖం చూసి "అంతా మేనత్త పోలికే గదనే బిడ్డా" అంటుంది. ఇంటికొచ్చి నాయినకు చెప్తే ఆయన తింటున్న రొట్టె పళ్లెంలో పెట్టి చేయి కడుక్కుంటాడు. సైదమ్మకు మేనత్త ఉందని ఆమెకే తెలియదు. ఇంతే, అక్కడితో వదిలేయండి, గీత గీసి చూపించొద్దు. పాఠకుడు దాన్ని ఇంటి గొడవ అనుకుని ముందుకు పోవాలి.

పంచాంగం, పేపరు

అమావాస్య అని రాసేముందు పంచాంగం తెరవండి. మనవాళ్లు తిథి తప్పితే ఊరుకోరు. ఇంకో లాభం కూడా ఉంది, నిజమైన పంచాంగంలో కథలు దాగి ఉంటాయి. 2024 మే నెల తీసుకోండి. అమావాస్య తిథి 7వ తేదీ మంగళవారం పగలు మొదలై 8వ తేదీ బుధవారం పొద్దున్నే అయిపోయింది. క్యాలెండర్‌లో అమావాస్య 8 అని ఉంటుంది, చీకటి రాత్రి మాత్రం 7, అదీ మంగళవారం. సైదమ్మ క్యాలెండర్ చూసి 8 రాత్రికి సిద్ధమవుతుంది. అది 7నే వస్తుంది. ఏ మంత్రగాడూ అక్కర్లేకుండా మలుపు దొరికింది. మే 13 సోమవారం లోక్‌సభ పోలింగ్, ఓటేయడానికి వలస పోయినవాళ్లు తిరిగొస్తున్నారు, ఏండ్లుగా చూడని ముఖాలు బస్సు నిండా. ఎవరు నిజం మనిషో గుర్తుపట్టే వీలు లేని వారం అది.

వేగం కావాలంటే పేపర్లో రోజూ వచ్చే జలాశయాల నీటిమట్టం వాడండి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. ఎండాకాలం దిగుతూ పోతుంది, దిగేకొద్దీ పాత గోడలు బయటపడతాయి. ఒక్కో అధ్యాయం మొదట్లో ఆ రోజు మట్టం ఒక్క అంకె వేయండి చాలు. ఏ అంకె దగ్గర మీ ఊరి బొడ్రాయి తల బయటపడుతుందో మీరే నిర్ణయించుకుని రాసిపెట్టుకోండి, మధ్యలో మార్చొద్దు.

భాష, భయం

కథనం మామూలు తెలుగులో, మాటలు మన యాసలో. మొత్తం యాసలో రాస్తే బయటివాళ్లకు కష్టం, మాటలు కూడా పుస్తక భాషలో రాస్తే మనవాళ్లకు కడుపుమంట. ఇంకోటి, నల్లగొండ, పాలమూరు, గద్వాల ఒకే తీరు మాట్లాడవు. గద్వాల, అలంపురం దిక్కు కర్నూలు గాలి తగులుతుంది. ఎవరు ఏ ఊరి మనిషో పట్టించేది ఆ తేడానే, దాన్ని ఆనవాలుగా కూడా వాడొచ్చు.

భయపెట్టడానికి గాలివాన, నక్కల అరుపులు, తలుపు కిర్రుమనడం ఏవీ వద్దు. బస్సులో తడిసిన సీటు, అద్దంలో కనపడని మనిషి కూడా అరిగిపోయాయి. పనిలో ఉన్న మనిషికి పనిలోనే తేడా తగలాలి. ఇట్లా:

"చివరి స్టేజీ దాటినంక సైదమ్మ మిషన్ చూసుకుంది. ఈ ట్రిప్పుల జీరో టికెట్లు పద్నాలుగు. లేచి కమ్మీ పట్టుకుని వెనక దాక పోయి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఆడోళ్లు పదమూడు మంది. పిల్లకు కొట్టిన్నా? లేదు, పిల్ల చిన్నది. మళ్లీ లెక్కపెట్టింది. పదమూడు.

'అన్నా, నడుమ ఎవరన్న దిగిండ్రా?'

డ్రైవర్ అద్దంలకెళ్లి చూసి, 'బస్సు ఆగితే గద చెల్లే దిగేది' అన్నడు.

మిషన్ మీద బొటనవేలు పెట్టి వెనక్కి జరిపింది. పద్నాలుగో టికెట్ ఎక్కిన స్టేజీ పేరు చదివి, ఆ పేరు యాడ విన్ననో గుర్తొస్తలేదు అనుకుంది. వెనక సీట్లకెళ్లి ఎవరో పిలిచిండ్రు, నిమ్మళంగ, ఇంట్ల మనిషిని పిలిచినట్టు: 'సైదమ్మా, మీ నాయిన మంచిగున్నడా?'"

ఇక్కడితో అధ్యాయం ఆపేయండి. ఆమె తిరిగి చూసిందా, ఎవరున్నారు, ఏదీ రాయొద్దు. తర్వాతి అధ్యాయం తెల్లారి డిపోలో డబ్బులు కడుతూ మొదలుపెట్టండి.

దూరంగా ఉండాల్సినవి

ఇది రాసే పద్ధతిలో భాగం కాదేమో, అయినా చెప్తా. బాణామతి, చేతబడి అని మన జిల్లాల్లో నిజంగా మనుషుల్ని కొట్టి చంపారు, ఇప్పటికీ ఎక్కువగా బలయ్యేది ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, పేద కులాలవాళ్లు. మీ నవలలో ఊరు ఒక ఒంటరి ఆడమనిషిని మంత్రగత్తె అంటే, ఊరు తప్పని తేలాలి. ఆమె నిజంగానే మంత్రగత్తె అని తేల్చే నవల రాయకండి, అంతే, దీని మీద చర్చ లేదు. జోగినులను "శాపగ్రస్త సుందరి" చేయొద్దు, ఆ దురాచారాన్ని 1988 చట్టం నిషేధించింది, బతికి ఉన్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. చెంచులను అన్నీ తెలిసిన అడవి మాంత్రికులుగా చూపించొద్దు, వాళ్లకు కూడా రేషన్ కార్డు పంచాయితీలున్నాయి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగినవాళ్లను భయపెట్టే బొమ్మలుగా వాడారంటే మీకు ఆ నీళ్లు రెండు నెలలు తాగించాలి. అదే విషయాన్ని ఇంకో దిక్కు నుంచి రాయొచ్చు: ఒక తరం పిల్లలు నడవలేకపోతుంటే ఊరు గాలి సోకిందని మొక్కులు మొక్కింది, రాక్షసి బోరింగులోనే ఉంది. అది వేరే నవల, రాసేవాళ్లుంటే రాయండి.

దేవతను రాక్షసిని చేయడం కూడా వద్దు. మైసమ్మ, పోచమ్మ, ఎల్లమ్మ ఎవరికో ఇంటి ఆడబిడ్డలు. దేవత లేని చోట ఏం చొరబడిందో రాయండి, మన బొడ్రాయి కథలో చేసింది అదే.

చివరి వేట

కత్తి పోట్లతో ముగిస్తే ఇంత సేపు అల్లినదంతా వృథా. మొదటి కాగితం తీయండి: బాకీ, కట్టుబాటు. ముగింపు ఆ రెంటి నుంచే రావాలి. మన కథలో పిలవని ఆడబిడ్డను పిలవాలి, పిలవాల్సింది పిలవనివాడే. అంటే సైదమ్మ వేటాడాల్సింది బయట తిరిగేదాన్ని అని ఆమె, మనం అనుకుంటూ వచ్చాం, ఆమె పట్టుకోవాల్సింది సొంత నాయిన నోరు. ఆయన నలబై ఏండ్లుగా మూసుకున్న నోరు.

అట్లాగని ఇద్దరు కూర్చుని మాట్లాడుకుని ఏడ్చే ముగింపు చేయకండి, ఇది వేట నవల, పాఠకుడు పరుగు కోసం వచ్చాడు. నీళ్లు దిగిన ఒండ్రులో మోకాళ్ల దాకా దిగబడుతూ, మొబైల్ టార్చి పది శాతం చార్జింగుతో, మత్స్యకారుడి పుట్టిలో సగం దూరం పోయి అది కదలక దిగి నడుచుకుంటూ, డెబ్బై దాటిన నాయినను రెక్క పట్టి గుంజుకుంటూ పోవాలి. వెనకాల "అన్నా" అని పిలుపు. సైదమ్మ చేతిలో ఆయుధం కండక్టర్ విజిల్, కొంగులో ఒడిబియ్యం. బొడ్రాయి చుట్టూ పొలి చల్లుకుంటూ తిరగాలి, చుట్టు పూర్తయ్యేలోపు నాయిన ఆ చెల్లెలి పేరు పలకాలి. ఆ పేరు నవలలో అప్పటిదాకా ఎక్కడా రాయకండి. ఒక్కసారే రావాలి, ఆయన నోటి నుంచి. ఆయన "రా బిడ్డా" అంటాడు. కట్టుబాటు ప్రకారం ఆ ఇంట్లో ఒకరు తక్కువ కావాలి కదా, ఎవరు అనేది మీరు మొదటి రోజే నిర్ణయించుకుని ఉండాలి. మెత్తబడి చివర్లో అందరినీ బతికించారంటే కట్టుబాటు అబద్ధమైపోతుంది.

రాసే పని

మిగతావి చిన్నవి. ఫోన్లో వాయిస్ టైపింగ్ మాటలకు బాగా పనికొస్తుంది, యాసను మాత్రం తప్పు రాస్తుంది, చేత్తో దిద్దుకోవాలి. అధ్యాయాలు పొట్టిగా ఉంటే సీరియల్‌గా ఏదైనా యాప్‌లో వేసుకోవచ్చు, కానీ మొత్తం రాసి పెట్టుకున్నాకే మొదటి భాగం వేయండి, మిస్టరీలో ఎనిమిదో భాగం రాస్తూ రెండో భాగంలో ఆనవాలు పెట్టడం కుదరదు.

అచ్చుకు ముందు ముగ్గురికి చదివించండి. ఒకరు ఆ ఊళ్ల వైపు మనిషి, ఒకరు గుంటూరో వైజాగో వైపు మనిషి, ఒకరు నిజంగా ఆర్టీసీలోనో మీ హీరోయిన్ నౌకరిలోనో ఉన్న మనిషి. ముగ్గురినీ బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటారు. మేనత్త సంగతి ఏ పేజీలో అనుమానం వచ్చిందో ఆ పేజీ మూల మడవమనండి. మడత సగానికి ముందు పడితే అవ్వ మాటను ఇంకా రద్దీ ఉన్న సీనులోకి, టికెట్ గొడవ నడుమకో చిల్లర పంచాయితీ నడుమకో జరపండి. అసలు మడతే లేకపోతే నాయిన చేయి కడుక్కునే సీను ఇంకో నాలుగు వాక్యాలు పెంచండి.